ఇంకొక్క ఎపిసోడ్

మధ్యాహ్నం భోజనాలయ్యాక జగదాంబ వరండాలోకి వచ్చి, చీర కుచ్చెళ్ళు సవరించుకుని, వీధి గేటు వైపు చూస్తూ అడిగేది.

"లాంచీ టైమైందా అమ్మాయ్?"

"ఇంకా లేదు అత్తయ్యగారూ. కాసేపు పడుకోండి. వచ్చాక నేను లేపుతానుగా."

ఆవిడ పుట్టిల్లు గోదావరి అవతల కొవ్వూరు. పెళ్ళయి రాజమండ్రి వచ్చిన కొత్తలో పుట్టింటికి వెళ్ళాలంటే రేవులో లాంచీ ఎక్కేది. తర్వాత రోడ్డు వంతెన వచ్చింది, లాంచీలు పోయాయి, కొవ్వూరు ఇంట్లో మనుషులు కూడా ఒక్కొక్కరే పోయారు. కొన్నేళ్ళుగా ముదురుతున్న మతిమరుపు జబ్బు ఆవిడ బుర్రలోంచి ఇవన్నీ తుడిచేసింది. లాంచీని మాత్రం ఉంచింది.

కోడలు సత్యవాణి మొదట్లో నిజమే చెప్పేది. లాంచీలు ఎప్పుడో ఆగిపోయాయనీ, మీ నాన్నగారు పోయి చాలా కాలమైందనీ చెబితే, ఆ కబురు అప్పుడే తెలిసినట్టు జగదాంబ ఏడ్చేది. అలా చెప్పొద్దని డాక్టరు అన్నాక సత్యవాణి అబద్ధం చెప్పడం అలవాటు చేసుకుంది. ఏడుపు తగ్గింది గానీ ప్రశ్న తగ్గలేదు. మంచం దాకా వెళ్ళడం, కూర్చోవడం, లేవడం, మళ్ళీ వరండాలోకి రావడం. అదే మాట, అదే గొంతు.

ఒకప్పుడు ఆ గొంతు వింటే గుమాస్తాలు లేచి నిలబడేవారు. మెయిన్ రోడ్డులో వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు. భర్త పోయాక, కొడుకు జానకిరామ్ చేతికి అందివచ్చేదాకా జగదాంబే గల్లా దగ్గర కూర్చుని వ్యాపారం నడిపింది. ఇప్పుడు ఇన్నీసుపేట సందులోని ఆ ఇంట్లో ఆవిడ తిండీ నిద్రా అన్నీ సత్యవాణి చేతిమీదే. పొద్దున్న రెబెక్కా అనే ఆయా వచ్చి స్నానం చేయించి, పక్క బట్టలు మార్చి వెళ్ళిపోయేది. జానకిరామ్ మధ్యాహ్నం వచ్చి అన్నం తిని, "అమ్మ ఎలా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేలోగా చెప్పులు వేసుకునేవాడు.

కథలు చదివి వినిపించే యాప్‌ని సత్యవాణి ఫోన్లో వేసింది కూతురు లక్ష్మీప్రసన్న. కాకినాడ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చి, తల్లి ముఖం చూసి, "నీకు నవలలంటే ఇష్టం కదమ్మా. చదవడానికి టైముండదు, కనీసం విను" అంది. చెవుల్లో పెట్టుకునే చిన్న తెల్లటి ఇయర్‌బడ్స్ కూడా తనవే ఇచ్చి వెళ్ళింది.

అరకు కొండల్లో, కాఫీ తోటల మధ్య ఒక పాత బంగ్లా. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన మైథిలి అనే అమ్మాయి. ఎవరూ తెరవని ఒక గది. వందల ఎపిసోడ్ల సీరియల్ అది. చదివే ఆయన గొంతు లోతుగా, తొందర లేకుండా, పక్కన కూర్చుని ఆమె ఒక్కదానికే చెబుతున్నట్టు ఉండేది. మొదటి రోజు బెండకాయలు తరుగుతూ ఒక ఎపిసోడ్ వింది. కూర పోపు వేస్తూ ఇంకోటి వింది. ఇన్నేళ్ళలో వంటింట్లో అంత సుఖంగా ఎప్పుడు నిలబడిందో ఆమెకే గుర్తు రాలేదు.

దానివల్ల మంచే జరిగింది మొదట్లో. ఒక చెవిలో కథ, రెండో చెవిలో అత్తగారు. ప్రశ్న వచ్చినప్పుడల్లా విసుగులేకుండా "ఇంకా లేదండి" అనగలిగేది. ఒక పొద్దున్న రెబెక్కా కాఫీ తాగుతూ, "ఈమజ్జ మొకం తేటగా ఉందండి అమ్మగారూ. ఒంట్లో కులాసాగా ఉందాండి?" అంది. సత్యవాణి నవ్వింది. జానకిరామ్ కూడా భోజనం దగ్గర, "మీ ఇద్దరికీ ఈమధ్య గొడవ లేదే" అన్నాడు.

వానలు మొదలయ్యేసరికి రెండో చెవి కూడా మూసుకుంది.

అలా ఎప్పుడు చేసిందో సత్యవాణి గమనించలేదు. రెండు చెవుల్లోనూ పెట్టుకుంటే అత్తగారి పెదాలు కదలడం మాత్రమే కనిపించేది. ఏం అడుగుతోందో తెలిసిందే కాబట్టి వినాల్సిన పనిలేదు. "ఇంకా లేదండి" అని తల ఊపితే సరిపోయేది. ఒక ఎపిసోడ్ అవగానే తర్వాతది దానంతట అదే మొదలయ్యేది. ప్రతి ఎపిసోడూ మైథిలి ఏదో తలుపు మీద చెయ్యి వేసినప్పుడే ఆగేది. ఇంకొక్కటి, అనుకునేది సత్యవాణి. బట్టలు ఆరేస్తూ ఇంకొక్కటి. గిన్నెలు సర్దుతూ ఇంకొక్కటి. పనులైపోయాక కూడా చెయ్యడానికి పని ఉన్నట్టు వెనక గదిలో నిలబడి ఇంకొక్కటి.

పప్పు మాడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి, గ్యాసు వాసన వరండాదాకా వచ్చింది. ఆ వాసన ముందు పసిగట్టింది జగదాంబ. వంటింటి గుమ్మంలోకి వచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఏదో చెబుతూ చెయ్యి ఊపింది. సత్యవాణి ఆ చెయ్యి చూసి, అలవాటుగా, "ఇంకా లేదండి" అంది. కాసేపటికి తన ముక్కుకే వాసన తగిలాక పరుగెత్తుకెళ్ళి కట్టేసింది. కిటికీలు తెరిచి, వాసన పోయాక, ఆగిన చోటునుంచి కథ మళ్ళీ పెట్టుకుంది.

లక్ష్మీప్రసన్న ఫోన్ చేస్తే చిరాకు వచ్చేది. ఫోన్ మోగితే కథ ఆగిపోతుంది. "వంటలో ఉన్నాను, తర్వాత చేస్తాను" అని పెట్టేసేది. తర్వాత చేసేది కాదు.

స్నానాల గదిలో జరిగింది శ్రావణమాసం మొదట్లో. జగదాంబ తనంతట తనే లోపలికి వెళ్ళింది. సత్యవాణి పెరట్లో గట్టు మీద కూర్చుని ఉంది. కథలో మైథిలి చీకటి వసారాలో నడుస్తోంది. ఎక్కడినుంచో సన్నగా, "అమ్మాయ్" అని వినిపించింది. కథలోదే అనుకుంది. మళ్ళీ, "అమ్మాయ్."

ఆ బంగ్లాలో మైథిలిని అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. సత్యవాణికి ఆ సంగతి తెలుసు. తెలిసీ కదల్లేదు. వసారా చివర తలుపు తెరుచుకునేదాకా ఉందామనుకుంది. తెరుచుకుంది. అప్పుడు లేచింది.

జగదాంబ తడి నేల మీద కూర్చుని ఉంది. చీర మొత్తం తడిసింది. మోచెయ్యి కమిలి, పెదాలు వణుకుతున్నాయి. కోడల్ని చూసి ఏడవలేదు, తిట్టలేదు. "ఎవరూ లేరనుకున్నాను" అంది, అంతే.

జానకిరామ్ మోచేతి మీద నల్లటి మచ్చ చూసి అడిగితే, "కాలు జారిందండి. నేను పక్కనే ఉన్నాను, పట్టుకునేలోపు పడిపోయారు" అని చెప్పింది సత్యవాణి. చెబుతూ అత్తగారి వైపు చూసింది. జగదాంబ పెరుగన్నం కలుపుకుంటోంది. అప్పటికే ఆవిడకేమీ గుర్తులేదు. సత్యవాణి ఊపిరి తేలిగ్గా వదిలింది. ఏం చేసినా ఈవిడ ఎవరికీ చెప్పదు అన్న మాట ఒకసారి తలలోకి వచ్చి వెళ్ళింది. అది ఎక్కడికీ వెళ్ళలేదనీ, అక్కడే కూర్చుందనీ తర్వాత తెలిసింది.

రాత్రిళ్ళు నిద్రపట్టడానికి డాక్టరు జగదాంబకి అర మాత్ర రాసిచ్చాడు. స్నానాల గది సంగతి జరిగిన కొద్ది రోజులకే సత్యవాణి మధ్యాహ్నం కూడా అర మాత్ర వెయ్యడం మొదలుపెట్టింది. పడిపోకుండా ఉంటారు కదా, మంచం మీద ఉంటే ఏ భయమూ ఉండదు కదా అని తనకు తనే చెప్పుకుంది. ఆ మాటలో నిజమెంతో ఆమెకు తెలుసు. మాత్ర వేసిన మధ్యాహ్నాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. జగదాంబ నోరు కొద్దిగా తెరిచి పడుకునేది. వెనక గది తలుపు దగ్గరగా వేసుకుని, ఫ్యాను కింద పడుకుని, సత్యవాణి ఎపిసోడ్ మీద ఎపిసోడ్ వినేది. కథ బాగుందా అని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. నిజానికి కథ నీరసపడి చాలా రోజులైంది. జరిగిందే మళ్ళీ జరుగుతోంది. విసుక్కుంటూనే వినేది. ఆపితే ఇంట్లోని చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడేవి. ఆ చప్పుళ్ళంటే ఇప్పుడు ఆమెకు భయం పట్టుకుంది.

రెబెక్కా గమనించింది. ఒక పొద్దున్న జగదాంబ జుట్టు దువ్వుతూ, తల వాలిపోతుంటే గడ్డం పట్టుకుని ఎత్తి, "పెద్దమ్మగారు పొద్దున్నే ఇంత మత్తుగా ఉంటన్నారేంటండీ" అంది.

"వయసు కదా."

"నెలకిందట ఇలా లేరండి. ఆ మాత్ర గాని ఎక్కువవుతందేమోనండి. డాట్రుగారికి ఓపాలి చెబితే..."

"నువ్వు వచ్చిన పని చూసుకో రెబెక్కా" అంది సత్యవాణి.

ఆ ఇంట్లో ఆమె రెబెక్కాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.  రెబెక్కా జడ అల్లి, దువ్వెన కడిగి, వెళ్ళేటప్పుడు బల్లమీది మాత్రల అట్టవైపు ఒకసారి చూసి వెళ్ళింది.

గోదావరి పెరుగుతోందని టీవీలో చెప్పారు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఎగువ వానలకు నీళ్ళు ఎర్రగా వచ్చాయనీ, ఘాట్ల మెట్లన్నీ మునిగాయనీ, జనం ఫోన్లు పట్టుకుని చూడటానికి వెళుతున్నారనీ జానకిరామ్ అన్నం తింటూ చెప్పాడు. సత్యవాణి ఒక చెవి ఖాళీగా ఉంచి విన్నట్టు కూర్చుంది. జగదాంబ తల ఎత్తి, "నీళ్ళెక్కువైతే లాంచీ వెయ్యరేమో" అంది. జానకిరామ్‌కి ఆ మాట అర్థం కాలేదు. "తినమ్మా" అన్నాడు.

అతను గేటు తీసుకుని వెళుతూ, స్కూటర్ మీదనుంచి వెనక్కి తిరిగి, "తాళం వేసుకో" అన్నాడు. అతని పెదాలు కదలడం చూసి సత్యవాణి తల ఊపింది. అప్పటికే రెండు చెవులూ నిండిపోయాయి.

జగదాంబకి మాత్ర వేసి, నీళ్ళు తాగించి, దుప్పటి కప్పి, ఆవిడ కళ్ళు మూతపడేదాకా ఆగకుండా వెనక గదిలోకి వెళ్ళి పడుకుంది. బయట సన్నగా వాన. కథలో ఎప్పటినుంచో చెబుతూ వస్తున్న ఆ గది ఇవాళ తెరుస్తారట. మైథిలి తాళంచెవి తిప్పుతోంది.

ఇనప గేటు గొళ్ళెం చప్పుడైంది.

ఆ గొళ్ళెం తుప్పు పట్టి, తీసినప్పుడల్లా ఇనుము ఇనుముని గీసినట్టు అరుస్తుంది. ఎంత గట్టిగా పెట్టుకున్నా ఇయర్‌బడ్స్‌లోంచి కూడా వినిపిస్తుంది. పాలవాడేమో, అనుకుంది సత్యవాణి. పాలవాడు ఆ వేళకు రాడు. గాలికేమో అనుకుంది. ఆమె వేలు ఫోను పక్కనున్న మీట మీదకు వెళ్ళి, గొంతు పెంచింది.

గది తెరుచుకుంది. అందులో ఇంకో గదికి దారి ఉంది. ఎపిసోడ్ అయిపోయింది. ఇంకోటి మొదలైంది. అదీ వింది.

లేచి బయటికి వచ్చేసరికి జగదాంబ మంచం మీద దుప్పటి ఒక్కటే ఉంది. వీధి గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో ఆవిడ చెప్పులు అలాగే ఉన్నాయి.

సందులోకి పరుగెత్తింది సత్యవాణి. ఎదురింటి అరుగు మీద ఎవరూ లేరు. వాన. మలుపుదాకా వెళ్ళి అటూ ఇటూ చూసింది. "అత్తయ్యగారూ" అని పిలిస్తే తన గొంతే దూరంగా వినిపించింది. చెవుల్లో ఇంకా అవి ఉన్నాయని అప్పుడు తెలిసింది. పీకి కొంగుకు ముడేసుకుని, భర్తకి ఫోన్ చేసింది.

జానకిరామ్ స్కూటర్ మీద వచ్చేసరికి ఆమె వీధి చివర తడిసి నిలబడి ఉంది.

"ఎప్పుడు వెళ్ళింది?"

"రేవుకి పోనివ్వండి."

"రేవుకెందుకు? గుడికేమైనా..."

"లాంచీకి వెళ్ళుంటారు."

"ఏ లాంచీ?"

సత్యవాణి స్కూటర్ వెనక కూర్చుని అతని భుజం పట్టుకుంది. రోజంతా, ప్రతి రోజూ ఈ ఇంట్లో నడిచే మాట అది. ఆ మాటేమిటో కూడా అతనికి తెలియదు. "ముందు పోనివ్వండి" అంది.

కోటగుమ్మం దాటి గట్టు మీదికి వచ్చేసరికి నది కనిపించింది. అవతలి ఒడ్డు లేదు. ఎర్రటి నీళ్ళు ఘాటు మెట్లన్నీ మింగి, పై వరుసను నాకుతూ, చప్పుడు లేకుండా వేగంగా పోతున్నాయి. చెట్ల కొమ్మలు, గడ్డి దుబ్బులు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము కొట్టుకుపోతున్నాయి. పోలీసులు మెట్లకు అడ్డంగా తాడు కట్టారు. వానకు జనం పలచబడి, గొడుగుల కింద కొందరే మిగిలారు. సత్యవాణి ఆ నీళ్ళనే చూస్తోంది. అందులో తెల్లగా ఏది కదిలినా చీర కొంగులా కనిపిస్తోంది.

"ఓ బాబూ, స్కూటరు బాబూ!"

మూసేసిన టీ బడ్డీ పక్కన, రేకు చూరు కింద ఒకామె కూర్చుని చెయ్యి ఊపుతోంది. పక్కన చేపల గంప. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని జగదాంబ పడి ఉంది.

జానకిరామ్ స్కూటర్ వదిలేసి పరుగెత్తాడు. తల్లి పాదాలు బురదలో మునిగి, మోకాళ్ళదాకా చీర తడిసి ఉంది. కళ్ళు సగం మూసుకున్నాయి. చేపలామె తన కొంగుతో ఆవిడ ముఖం తుడుస్తోంది. సందులోకి చేపల గంప వస్తే ధూపం వేయించిన మనిషి జగదాంబ. ఇప్పుడు ఆ కొంగుని రెండు చేతులా పట్టుకుని వదలడం లేదు.

"మీయమ్మగారాండి? తలుపులమ్మంటారండి నన్ను. ఈ తాడు కిందనుంచి దూరి నీళ్ళలోకి దిగిపోతంటే రెక్క పట్టుకుని లాగేనండి. పడవ రాలేదా, లాంచీ రాలేదా అని అడుగుతన్నారు. మెట్టు మీద కూలబడ్డారు. అందరూ చూసి పక్కనుంచి పోతన్నారండి, తాగుంటది ముసల్ది అని."

"మా అమ్మ..." అన్నాడు జానకిరామ్. 

"తెలుస్తందండి. నోరు వాసన చూసేను, తాగలేదు. జొరమూ లేదు." తలుపులమ్మ తల ఎత్తి, జానకిరామ్ వెనక నిలబడ్డ సత్యవాణిని చూసింది. కోపంగా చూడలేదు. తెలుసుకోవాలని చూసింది. "ఏం మందేసేరండి ఈవిడికి?"

సత్యవాణి ముఖం తిప్పుకుంది. నది వైపు చూసింది. ఆటో ఎవరో పిలిచారు.

దారిలో జగదాంబ ఒంట్లోంచి సన్నగా గురక లాంటి చప్పుడు వచ్చింది. ఊపిరి లోపలికి పోవడానికి మరీ ఎక్కువ సేపు పడుతోంది. సత్యవాణి ఆ చప్పుడునే వింటూ కూర్చుంది. ఒక్కో ఊపిరి వచ్చేదాకా ఆమెకు ఊపిరాడలేదు.

దానవాయిపేటలో ఒక ఆసుపత్రి. డ్యూటీ డాక్టరు వయసులో చిన్నది. కళ్ళలోకి లైటు వేసి చూసి, "ఏం మాత్రలు వాడుతున్నారు?" అని అడిగింది. జానకిరామ్ బీపీ మాత్ర పేరు చెప్పాడు. "నిద్రకి రాత్రి అర మాత్ర" అన్నాడు.

"రాత్రి వేసింది ఇప్పటిదాకా ఉండదండి. ఇవాళ ఏమైనా ఇచ్చారా? ఎంత ఇచ్చారో సరిగ్గా తెలిస్తేనే నేను ఏం చెయ్యాలో తెలుస్తుంది."

"లేదండి" అన్నాడు జానకిరామ్, భార్య వైపు తిరిగి, ఆమె కూడా అదే అంటుందన్నట్టు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా వచ్చేదో అంతే తేలిగ్గా వచ్చింది. మంచం మీదున్న మనిషి ఎలాగూ కాదనదు. ఆ మాట తలలోకి రాగానే సత్యవాణి ఆగిపోయింది. అది తను అనుకున్న మాట కాదనిపించింది. తనలో ఉంటున్న ఇంకెవరో అన్నట్టుంది.

"మధ్యాహ్నం అర మాత్ర వేశానండి" అంది. "ఇవాళ ఇంకొంచెం ఎక్కువే వేశాను. చాలా రోజులనుంచి వేస్తున్నాను. డాక్టరుగారు చెప్పలేదు, నేనే వేస్తున్నాను."

"ఎందుకమ్మా?"

"ఆవిడ పడుకుంటే నాకు ఖాళీ దొరుకుతుందని."

డాక్టరు ఇంకేమీ అడగకుండా నర్సుని పిలిచింది. జానకిరామ్ గోడకు ఆనుకుని నిలబడి భార్యను చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో ఏముందో తెలుసుకోవాలని సత్యవాణి ప్రయత్నించలేదు.

జగదాంబ బతికింది. తడిసినందుకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఆసుపత్రిలో చాలా రోజులే ఉండాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చేటప్పటికి ఇంకా చిన్నగా, తేలిగ్గా అయిపోయింది. అంతకుముందులా గబగబా నడవడం లేదు. గోడ పట్టుకుని నడుస్తుంది.

ఆసుపత్రి బెంచీ మీద కూర్చునే సత్యవాణి ఆ యాప్ తీసేసింది. ఇంటికి వచ్చిన మర్నాడు, గిన్నెలు తోముతుండగా, చేతులు తుడుచుకుని మళ్ళీ వేసుకుంది. వేసుకునేటప్పుడు ఆమెకు అంతా తెలుస్తూనే ఉంది. ఆగిన చోటే ఆ గొంతు మొదలైంది, ఏమీ జరగనట్టు. సగం వాక్యం విని, ఇయర్‌బడ్స్ తీసి నీళ్ళ బకెట్లో పడేసింది. తీసెయ్యడంతో తేలే పని కాదని అప్పుడు అర్థమైంది. బకెట్లో పడ్డవి కాకపోతే బజార్లో ఇంకో జత దొరుకుతుంది.

ఆ సాయంత్రం జానకిరామ్ కొట్టునుంచి రాగానే అతని ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రి తర్వాత వాళ్ళిద్దరూ అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

"ఆవిడ పిలిస్తే నాకు వినపడలేదని కాదండి" అంది. "వినపడింది. స్నానాల గదిలో పడిపోయినప్పుడూ వినపడింది. ఆరోజు గేటు తీసినప్పుడూ వినపడింది. వినపడి సౌండు పెంచుకున్నాను. అది మీకు తెలియాలి."

 "నువ్వు ఇలాంటి మనిషివి కాదు" అన్నాడు.

"అయ్యాను కదండీ. మళ్ళీ అవుతాను. మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే ఆవిడతో ఉంటే మళ్ళీ అవుతాను. నాకు తెలుస్తోంది."

"కొట్టు ఎవరు చూస్తారు?"

"మధ్యాహ్నం పూట కొట్లో ఏముంటుందండీ? మొన్న ఆసుపత్రికి డబ్బు కోసం నేనే వచ్చాను కదా. షట్టర్ సగం దించి, ఫ్యాను కింద పేపరు చూస్తూ కూర్చున్నారు. బేరాల్లేవు. ఇంటికి రావచ్చు. రారు." ఆమె గొంతు పెరగలేదు. "మీరు తప్పు చేశారని అనట్లేదు. మీకూ ఇక్కడ ఉండబుద్ధి కాదు. నాకూ అంతే. మీకు వెళ్ళడానికి కొట్టుంది, నేను ఇంట్లోనే ఉండి వెళ్ళిపోయాను."

జానకిరామ్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. లోపలినుంచి తల్లి దగ్గు వినిపించి ఆగిపోయాడు. చివరికి, "అమ్మ రోజూ అడుగుతుందే, ఆ లాంచీ. అదేంటో చెప్పు" అన్నాడు. సత్యవాణి చెప్పింది.

మర్నాడే అతను కొట్టునుంచి భోజనానికి వచ్చి, చెప్పులు వేసుకోకుండా వరండాలో కూర్చున్నాడు. మొదటి రోజు తల్లి ప్రశ్నలకు విసుగొచ్చి అరిచాడు. అరిచి, తర్వాత సిగ్గుపడి, ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆవిడకు తెలియలేదు. రెబెక్కా సాయంత్రం కూడా రావడానికి ఒప్పుకుంది. అంతకుముందు సత్యవాణి ఆమె దగ్గరికి వెళ్ళి, "ఆరోజు నువ్వు చెప్పింది నిజం. నిన్ను అలా అన్నాను" అంది. రెబెక్కా, "పోన్లెండి అమ్మగారూ" అంది గానీ, ఆరోజునుంచి మాత్రల డబ్బా వంటింటి పై అరలో, తనకూ జానకిరామ్‌కీ మాత్రమే తెలిసిన చోట పెడుతుంది. సత్యవాణి అది ఎక్కడుందని అడగలేదు.

అన్నీ సర్దుకోలేదు. సర్దుకోనిది ఒకటి ఉంది. రాత్రి మాత్ర రెబెక్కా ఇస్తే జగదాంబ మింగుతుంది. కొడుకు ఇస్తే మింగుతుంది. సత్యవాణి చేతిలో నీళ్ళ గ్లాసు చూస్తే పెదాలు బిగించి, ముఖం గోడవైపు తిప్పేస్తుంది. కోడలి పేరు గుర్తులేదు, తనెవరో గుర్తులేదు, రేవుకి వెళ్ళిన రోజు అసలే గుర్తులేదు. కానీ ఆ చెయ్యి, ఆ గ్లాసు గుర్తున్నాయి. మొదటిసారి అలా చేసినప్పుడు సత్యవాణి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడింది. ఇప్పుడు ఇవ్వడానికి ప్రయత్నించదు.

ఫోన్‌కి ఇప్పటికీ సందేశాలు వస్తుంటాయి. మైథిలి కథలో కొత్త మలుపు, మీరు ఆగిన చోటునుంచి వినండి, అని. వాటిని ఎలా ఆపాలో లక్ష్మీప్రసన్నని అడిగి ఆపించుకుంది. కూతురికి కూడా జరిగిందంతా చెప్పింది. ఆ అమ్మాయి ఫోన్లో ఏడ్చి, "నేనే వేశానమ్మా ఆ యాప్" అంది. "నువ్వు మంచికే వేశావు. నాకూ మంచిగానే ఉండేది చాలా రోజులు" అంది సత్యవాణి. అది నిజమే కాబట్టి అంది.

కార్తీకం వచ్చింది. ఆరోజు జానకిరామ్‌కి కొట్లో సరుకు దిగుతోంది, రావడం ఆలస్యమవుతుందన్నాడు. భోజనాలయ్యాక జగదాంబ గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. అడిగింది. సత్యవాణి జవాబు చెప్పింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పింది. ఈసారి, "మీ నాన్నగారు రేవుకి వస్తారా అండీ?" అని తనే అడిగింది. జగదాంబ ముఖం వెలిగింది. నాన్న గొడుగు పట్టుకుని వస్తాడనీ, బెల్లం జీళ్ళు తెస్తాడనీ చెప్పింది. బాగుంది. కాసేపటికి అదే మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఎండ వరండా మెట్టు దిగింది. సత్యవాణి తల లోపల ఏదో బిగుసుకోవడం మొదలైంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం వెనక్కి, దూరంగా వెళ్ళిపోతోంది. చెవుల్లో ఏమీ లేకుండానే.

అది ఎలా మొదలవుతుందో ఆమె గుర్తుపట్టింది.

లేచి, వీధి గేటు తాళం లాగి చూసి, భర్తకి ఫోన్ చేసింది.

"సరుకు తర్వాత దింపించుకోండి. మీరు రావాలి."

"ఏమైంది? అమ్మకేమైనా..."

"ఆవిడ బాగానే ఉన్నారు. నాకు బాగాలేదు. ఇప్పుడే రండి."

అవతల స్టీలు సామాన్ల చప్పుడు, ఎవరో కేకలు.  "వస్తున్నాను" అన్నాడు.

సత్యవాణి వచ్చి జగదాంబకి ఎదురుగా, తన చెయ్యి చాచినా అందనంత దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ చెబుతోంది. ప్రతి మాటా వింటూ, స్కూటర్ చప్పుడు కోసం చూస్తూ కూర్చుంది.